పాత కంప్యూటర్‌లో తెలుగు రాయాలంటే ఏ ఫ్రీ టెక్స్ట్ ఎడిటర్ మంచిది? ఒక ఫైలు పోగొట్టుకున్నాక నేర్చుకున్నది

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీళ్లలో మునిగినప్పుడు మా పెదనాన్న ఇల్లు కూడా మునిగింది. ఆయన రిటైర్డ్ టీచర్. సొంతూరు దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో తను చూసింది, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పింది అంతా రెండేళ్లుగా కంప్యూటర్‌లో టైప్ చేసుకుంటున్నారు. నీళ్లు తగ్గాక చూస్తే సీపీయూ డబ్బా నిండా బురదే, హార్డ్ డిస్క్ పనికి రాలేదు.

ఆయన మాత్రం కంగారు పడలేదు. "ఒరేయ్, పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకున్నాలే" అని జేబులోంచి తీసి నాకిచ్చారు. లాప్‌టాప్‌కి పెట్టి ఫైలు ఓపెన్ చేశాను. స్క్రీన్ నిండా క్వశ్చన్ మార్కులు. స్క్రోల్ చేసినంతసేపూ అవే. మధ్యలో అక్కడక్కడ అంకెలు మాత్రం బతికున్నాయి. ఒక చోట ఇలా ఉంది:

1977 ?????? 19

ఆ ఆరు క్వశ్చన్ మార్కులు ‘నవంబర్’ అని నాకు అర్థమైంది, ఎందుకంటే పక్కన ఏముందో నాకు తెలుసు. మిగతా పేజీల్లో ఏముందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఎన్‌కోడింగ్ మార్చి చూశాను, హెక్స్ ఎడిటర్‌లో చూశాను, ఏం లాభం లేదు. ఆ ఫైలు వైరస్ వల్ల పోలేదు, పెన్‌డ్రైవ్ పాడై పోలేదు, వరద వల్ల కూడా పోలేదు. సేవ్ చేసిన రోజే పోయింది. వర్డ్‌లోంచి టెక్స్ట్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, సేవ్ చేసేటప్పుడు వచ్చిన హెచ్చరికకి ‘ఓకే’ కొట్టారు. అంతే.

పెదనాన్న మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. ఈసారి ఆయనకి దొరికింది బంధువులిచ్చిన ఇంకో పాత కంప్యూటర్: కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32-బిట్ విండోస్ 7. దాంట్లో ఏ టెక్స్ట్ ఎడిటర్ పెట్టాలనే బాధ్యత నామీద పడింది. "దానిదేముంది, ఏదో ఒక నోట్‌ప్యాడ్" అనుకునే వాణ్ణి ఇంతకు ముందైతే. ఈసారి కూర్చుని ఒక్కొక్కటీ పరీక్షించాను. మీ ఇంట్లో కూడా మూలన పడేసిన పాత పీసీ ఉండి, దాన్ని ఎవరికైనా రాసుకోవడానికి ఇద్దామనుకుంటే ఈ ఆర్టికల్ మీకోసమే.

డబ్బాలు, పిచ్చి అక్షరాలు, క్వశ్చన్ మార్కులు: ఈ మూడూ ఒకటి కాదు

ఎడిటర్ల గురించి చెప్పే ముందు ఇది అర్థం కావాలి. తెలుగు ఫైలు సరిగ్గా కనిపించకపోవడానికి ప్రధానంగా మూడు కారణాలున్నాయి. మూడింటికీ తేడా తెలియకే చాలామంది బాగున్న ఫైళ్లని డిలీట్ చేస్తారు, పోయిన ఫైళ్లని దాచుకుంటారు.

మొదటిది, డబ్బాలు. అక్షరాల బదులు ఖాళీ చతురస్రాలు కనిపిస్తే మీ డేటాకి ఏమీ కాలేదు. ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదు, అంతే. ఫాంట్ వేస్తే అన్నీ వచ్చేస్తాయి.

రెండోది, పిచ్చి అక్షరాలు. నెత్తి మీద చిన్న గీత ఉన్న ఇంగ్లీష్ ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇవే మళ్లీ మళ్లీ వస్తుంటే అది యూటీఎఫ్-8లో ఉన్న తెలుగు. ప్రోగ్రాం దాన్ని పాత ఇంగ్లీష్ ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతోంది. తెలుగు ప్రతి క్యారెక్టర్ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది, మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండో బైటు రెండు రకాలే. అందుకే ఆ గుర్తులు అలా రిపీట్ అవుతాయి. ఇది కూడా రిపేర్ అవుతుంది. ఆ చెత్తని చూసి కంగారుపడి సేవ్ మాత్రం కొట్టకండి. క్లోజ్ చేసి, సరైన ఎన్‌కోడింగ్‌తో ఓపెన్ చేయండి.

మూడోది, క్వశ్చన్ మార్కులు. ఇదే ప్రమాదం. విండోస్ 7 వరకు (విండోస్ 10 మొదటి వెర్షన్లలో కూడా) నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైలు సేవ్ చేస్తే డిఫాల్ట్‌గా ‘ఆన్సీ’ అనే ఎన్‌కోడింగ్‌లో వెళ్తుంది. మన దగ్గర సాధారణంగా ఉండే ఇంగ్లీష్ సెట్టింగ్‌లో ఆ ఆన్సీకి ఒక్కో అక్షరానికి ఒక్కటే బైటు, మొత్తం 256 స్థానాలు. అందులో తెలుగుకి చోటే లేదు. చోటు లేని ప్రతి క్యారెక్టర్ బదులు ఒక క్వశ్చన్ మార్కు రాసేస్తుంది.

ఉదాహరణకి ‘విజయవాడ’ అనే మాట తీసుకోండి. మనకి ఐదు అక్షరాలే, యూనికోడ్‌లో మాత్రం ఏడు క్యారెక్టర్లు. గుడి, దీర్ఘం విడిగా లెక్క. యూటీఎఫ్-8లో అది 21 బైట్లు. ఆన్సీలో సేవ్ చేస్తే 7 బైట్లు, ఏడూ క్వశ్చన్ మార్కులే. ‘వి’ ఎక్కడ ఉందో, ‘డ’ ఎక్కడ ఉందో చెప్పే సమాచారం ఆ ఫైల్లో లేనే లేదు. ఇక ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ దేన్ని రికవర్ చేస్తుంది? అంకెలు, ఫుల్‌స్టాప్‌లు, ఇంగ్లీష్ అక్షరాలు ఆన్సీలో ఉన్నాయి కాబట్టి అవి మాత్రం మిగులుతాయి. పెదనాన్న ఫైల్లో 1977 మిగిలింది అందుకే.

సేవ్ చేసేటప్పుడు నోట్‌ప్యాడ్ హెచ్చరిస్తుంది, నిజమే. ఫైల్లో యూనికోడ్ అక్షరాలున్నాయి, ఇలా సేవ్ చేస్తే పోతాయి అని ఇంగ్లీష్‌లో చెప్తుంది. కానీ ప్రతి డైలాగ్ బాక్స్‌కీ ఓకే కొట్టడం మనందరికీ అలవాటే కదా. మైక్రోసాఫ్ట్ 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి నోట్‌ప్యాడ్ డిఫాల్ట్‌ని యూటీఎఫ్-8కి మార్చింది. పాత సిస్టంలకి ఆ మార్పు రాలేదు.

టెక్స్ట్ ఎడిటరే ఎందుకు? వర్డ్ వాడొచ్చుగా?

వాడొచ్చు. కానీ 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఏ ఆఫీస్ సూట్ అయినా ఓపెన్ అయ్యేలోపు టీ తాగి రావొచ్చు. లైసెన్స్ గొడవ ఇంకొకటి. అన్నిటికన్నా ముఖ్యమైంది, ప్లెయిన్ టెక్స్ట్ ఫైలు చాలా చిన్నది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఏ మెషీన్‌లో అయినా తెరుచుకుంటుంది. ఒక పేజీకి 1,800 క్యారెక్టర్లు అనుకుంటే, అన్నిటికీ మూడేసి బైట్లు లెక్కేసినా 5.4 కేబీ. వంద పేజీల పుస్తకం 540 కేబీ. వాట్సాప్‌లో మనం రోజూ పంపుకునే గుడ్ మార్నింగ్ వీడియో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంత చిన్న ఫైలుని నాలుగు చోట్ల కాపీ పెట్టుకోవడం పెద్ద పనేం కాదు.

మరి మనం కోడింగ్‌కి వాడే వీఎస్ కోడ్? ఉచితమే, బాగుంటుంది, కానీ పాత మెషీన్‌కి కాదు. అది ఎలక్ట్రాన్ మీద కట్టింది, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్ మొత్తం నడుస్తుంది. విండోస్ 7లో నడిచే చివరి వీఎస్ కోడ్ 2022లో వచ్చిన 1.70. 32-బిట్ విండోస్‌కి కూడా ఆ తర్వాత ఏడాది సపోర్ట్ ఆపేశారు. అదే దారిలో పుట్టిన ఆటమ్ ఎడిటర్‌ని 2022 డిసెంబర్ 15న పూర్తిగా మూసేశారు. కాబట్టి ఈ లిస్టులో వాటికి చోటు లేదు.

ముందు మీ మెషీన్ సంగతి చూడండి

‘కంప్యూటర్’ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. ఏ విండోస్, ఎంత ర్యామ్, 32-బిట్టా 64-బిట్టా అన్నీ అక్కడే ఉంటాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి: కోర్ 2 డుయో లాంటి ప్రాసెసర్లు 64-బిట్టే, అప్పట్లో వాటి మీద 32-బిట్ విండోస్ వేసి అమ్మారు. రేపు లినక్స్ వేద్దామనుకుంటే ఈ విషయం పనికొస్తుంది.

విండోస్ ఎక్స్‌పీ అయితే తెలుగు దానంతటదే రాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ సెట్టింగ్స్‌కి వెళ్లి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైల్స్ అనే బాక్సు టిక్ చేయాలి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. అది చేశాక గౌతమి ఫాంటుతో తెలుగు కనిపిస్తుంది. విండోస్ 7లో ఈ తలనొప్పి లేదు. గౌతమి, వాణి రెండు ఫాంట్లూ ముందే ఉంటాయి, కీబోర్డుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ యాడ్ చేసుకుంటే చాలు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో ముగిసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అందుకని ఈ మెషీన్‌ని రాసుకోవడానికి మాత్రమే వాడండి. బ్యాంకింగ్, ఓటీపీలు దీంట్లో వద్దు. కుదిరితే నెట్ కనెక్షనే ఇవ్వకండి. ఎడిటర్‌ని వేరే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో దాని అఫీషియల్ సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పాత బ్రౌజర్లలో చాలా సైట్లు ఎలాగూ తెరుచుకోవు.

నేను పెట్టిన నాలుగు పరీక్షలు

ఒకటి: ‘కృష్ణా’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘శ్రీకాకుళం’ అని టైప్ చేసి ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయా, కర్సర్ ఎక్కడికి పోతోంది అని చూశాను.

రెండు: కొత్త ఫైలు తెరిచి, తెలుగు రాసి, ఏ సెట్టింగూ మార్చకుండా సేవ్ చేసి మళ్లీ ఓపెన్ చేశాను. పెదనాన్న చేసింది ఇదే కదా.

మూడు: రాస్తుండగా, సేవ్ చేయకుండా, ప్లగ్ పీకేశాను. వేసవిలో మనకి కరెంటు ఎలా పోతుందో తెలిసిందే. పాత పీసీకి యూపీఎస్ ఉన్నా బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. (ముఖ్యమైన ఫైళ్లున్న మెషీన్ మీద మీరు ఈ ప్రయోగం చేయొద్దు.)

నాలుగు: పొరపాటున ఒక పేరా సెలెక్ట్ చేసి డిలీట్ చేసి, ఇంకో రెండు మాటలు టైప్ చేసి, తర్వాత కంట్రోల్+జెడ్ కొట్టాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది రోజూ జరిగేదే.

1. విండోస్‌తో వచ్చిన నోట్‌ప్యాడ్

ఒత్తుల పరీక్షలో దీనికి ఫుల్ మార్కులు. విండోస్ సొంత ఇంజిన్‌తో అక్షరాల్ని కలుపుతుంది, కర్సర్ కూడా ‘స్త్రీ’ని ఒకే అక్షరంగా దాటుతుంది. బరువు దాదాపు సున్నా.

రెండో పరీక్షలో ఫెయిల్, కారణం పైన చెప్పాను. సేవ్ యాజ్‌కి వెళ్లి కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ఒకసారి అలా సేవ్ చేస్తే ఆ ఫైలుకి మళ్లీ మళ్లీ మార్చక్కర్లేదు, కొత్త ఫైలు తెరిచినప్పుడల్లా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మూడో పరీక్షలో కూడా ఫెయిల్, ఆటో బ్యాకప్ లేదు. నాలుగులో కూడా అంతే. పాత నోట్‌ప్యాడ్‌లో అన్‌డూ ఒక్క మెట్టే. రెండు మాటలు టైప్ చేశాక పోయిన పేరా తిరిగి రాదు.

తప్పనిసరై దీన్నే వాడాల్సివస్తే ఒక చిట్కా: ఒక ఖాళీ ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేసి ‘నమూనా’ అని పేరు పెట్టండి. కొత్త అధ్యాయం మొదలుపెట్టాలంటే దాన్ని కాపీ చేసి పేరు మార్చి అందులో రాయమనండి. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో బామ్ అనే మూడు బైట్ల గుర్తు పెడుతుంది. ఫైలు ఖాళీగా ఉన్నా ఆ గుర్తు చూసి తర్వాత అదే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తుంది. ఆ మూడు బైట్లు కోడ్ రాసేవాళ్లకి చికాకు, కొన్ని స్క్రిప్టులు వాటివల్ల ఆగిపోతాయి. తెలుగు వ్యాసం రాసుకునేవాళ్లకి మాత్రం అవి మేలే, పాత ప్రోగ్రాంలు కూడా ఫైలుని సరిగ్గా గుర్తుపడతాయి.

2. నోట్‌ప్యాడ్2

ఫ్లోరియన్ బాల్మర్ రాసిన చిన్న ఎడిటర్. ఓపెన్ సోర్స్, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఒక్క ఫైలుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఎక్కడైనా నడుపుకోవచ్చు. పేరు చూసి నోట్‌ప్యాడ్‌కి రెండో భాగం అనుకోకండి, మైక్రోసాఫ్ట్‌కీ దీనికీ సంబంధం లేదు. ఎక్స్‌పీ మీద కూడా నడుస్తుంది, క్లిక్ చేయగానే తెరుచుకుంటుంది. అన్‌డూ ఎన్ని మెట్లైనా వెనక్కి వెళ్తుంది. ఎన్‌కోడింగ్ మెనూలో డిఫాల్ట్‌గా యూటీఎఫ్-8 పెట్టేస్తే ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు.

లోపం ఒక్కటే, సేవ్ చేయకుండా కరెంటు పోతే రాసింది పోతుంది. బాగా నెమ్మదైన ఎక్స్‌పీ మెషీన్‌లో చిన్న చిన్న నోట్స్‌కి, కాన్ఫిగ్ ఫైళ్లకి ఇది బెస్ట్. పుస్తకం రాయడానికి నేను సిఫార్సు చేయను.

3. నోట్‌ప్యాడ్++

2003 నుంచి వస్తున్న, మనలో చాలామందికి తెలిసిన ఎడిటర్. ఉచితం, ఓపెన్ సోర్స్, 32-బిట్ వెర్షన్ ఉంది. ఎక్స్‌పీ ఉన్నవాళ్లు 7.9.2 దగ్గరే ఆగాలి. పెదనాన్న విండోస్ 7లో నేను 8వ సిరీస్‌లోది వేశాను, ఇబ్బంది లేకుండా నడుస్తోంది.

ప్లగ్ పీకే పరీక్షలో గెలిచింది ఇదే. సేవ్ చేయని టెక్స్ట్‌ని కూడా ఇది ప్రతి 7 సెకన్లకి ఒకసారి పక్కన దాచుకుంటుంది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి ప్రోగ్రాం తెరిస్తే చివరి వాక్యం తప్ప అంతా అలాగే ఉంది. అన్‌డూకి పరిమితి లేనట్టే.

మైనస్ చెప్పకపోతే అన్యాయం. ఒత్తులు సరిగ్గానే కనిపిస్తాయి కానీ కర్సర్ యూనికోడ్ క్యారెక్టర్ లెక్కన కదులుతుంది. ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, ఆరు క్యారెక్టర్లు. యారో కీ ఆరుసార్లు నొక్కితే గానీ ఆ ఒక్క అక్షరం దాటదు. "ఇదేంట్రా, నొక్కుతున్నా కదలట్లేదు" అన్నారు పెదనాన్న మొదటి రోజు. మౌస్‌తో క్లిక్ చేయమన్నాను. వారంలో అలవాటైంది.

ఇంకో మైనస్: ఇది ప్రోగ్రామర్ల కోసం చేసింది కాబట్టి స్క్రీన్ నిండా బటన్లు. టూల్‌బార్ దాచేయొచ్చు.

4. లినక్స్ వేసి మౌస్‌ప్యాడ్

విండోస్‌ని వదిలేయడానికి సిద్ధమైతే ఇది చక్కటి దారి. యాంటీఎక్స్ లాంటి తేలికైన లినక్స్ పాత మెషీన్ల కోసమే ఉంది. డెబియన్ అయితే 12 వరకే 32-బిట్ ఇన్‌స్టాలర్ ఇచ్చింది, 2025 ఆగస్టులో వచ్చిన 13లో లేదు. మీది 64-బిట్ ప్రాసెసర్ అయితే ఆ సమస్యే లేదు. మౌస్‌ప్యాడ్, ఫెదర్‌ప్యాడ్ అనే ఎడిటర్లు నోట్‌ప్యాడ్ అంత సింపుల్‌గా ఉంటాయి. లినక్స్‌లో డిఫాల్ట్ ఎన్‌కోడింగే యూటీఎఫ్-8, కాబట్టి క్వశ్చన్ మార్కుల భయం లేదు. కోడ్ కూడా రాయాలనుకుంటే జీనీ చూడండి.

డీటీపీ చేసినవాళ్లకి ఒక మంచి వార్త: లినక్స్‌లో ఎం17ఎన్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు మన దగ్గర ఆపరేటర్లకి అలవాటైన యాపిల్ కీబోర్డు లేఔట్ కూడా యూనికోడ్‌లో దొరుకుతుంది.

టెర్మినల్‌లో నడిచే నానో, విమ్ మీకు ఇష్టం కావచ్చు, నాకూ ఇష్టమే. కానీ చాలా టెర్మినల్స్ ప్రతి అక్షరాన్నీ ఒకే సైజు గడిలో పెట్టాలని చూస్తాయి. తెలుగు ఒత్తులు ఆ గడుల్లో ఇమడవు. కోడ్‌కి ఓకే, తెలుగుకి వద్దు.

లినక్స్ దారి పెదనాన్నకి నేనే వద్దనుకున్నాను. డెబ్బై దాటిన మనిషికి ఎడిటర్ మారితే చాలు, కంప్యూటర్ అంతా కొత్తదైపోతే రాయడం మానేస్తారేమో అని భయం. మీ ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఇస్తున్నట్టయితే మాత్రం లినక్సే వేయండి. పాత మెషీన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా వస్తాయి.

చివరికి పెట్టిన సెట్టింగ్స్

నోట్‌ప్యాడ్++ వేశాక చేసిన మార్పులు ఇవి. పది నిమిషాల పని.

ప్రిఫరెన్సెస్‌లో న్యూ డాక్యుమెంట్ దగ్గర ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకుని, దాని పక్కనే ఉన్న ‘ఓపెన్ చేసిన ఆన్సీ ఫైళ్లకి కూడా వర్తింపజేయి’ అనే బాక్సు టిక్ చేశాను.

బ్యాకప్ పేజీలో 7 సెకన్ల బ్యాకప్ ఆన్‌లో ఉందని చూసుకున్నాను. కింద ‘వెర్బోస్ బ్యాకప్’ అనేది ఆన్ చేశాను. దాంతో సేవ్ కొట్టిన ప్రతిసారీ అంతకు ముందున్న ఫైలు తేదీ, టైముతో వేరే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఇది ఎందుకంటే, సరిగ్గా సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోతే ఫైలు పాడయ్యే అవకాశం ఏ ఎడిటర్‌లో అయినా ఉంటుంది. వెనకటి కాపీ ఉంటే బతికిపోతాం.

వర్డ్ ర్యాప్ ఆన్ చేశాను, లేకపోతే పేరా మొత్తం ఒకే లైనుగా కుడివైపుకి పారిపోతుంది.

స్టైల్ కాన్ఫిగరేటర్‌లో ఫాంట్ మార్చి సైజు 18 పెట్టాను. ఫాంట్ ‘మండలి’. దివిసీమ మనిషి, తెలుగు భాష కోసం పనిచేసిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్ ఇది. 1975 ప్రపంచ తెలుగు మహాసభల వెనక ఉన్నది ఆయనే. పెదనాన్నకి ఆ పేరు చెప్పగానే ఇంక వేరే ఫాంట్ చూడనివ్వలేదు. మీకు పుస్తకాల అక్షరాల్లా కావాలంటే దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా ఉచితమే.

మీ దగ్గర ఇప్పటికే పిచ్చి అక్షరాలు కనిపిస్తున్న ఫైలుంటే, ఎన్‌కోడింగ్ మెనూలో పైన ఉండే యూటీఎఫ్-8 ఎంచుకోండి. కింద ఉండే ‘కన్వర్ట్ టు’ వాటి జోలికి పోవద్దు. పైవి ఉన్న బైట్లనే వేరేలా చదువుతాయి. కిందివి బైట్లని మార్చేస్తాయి, అంటే చెత్తని చెత్తగానే పర్మనెంట్ చేస్తాయి.

ప్రింటింగ్‌కి ఇచ్చేటప్పుడు

గవర్నర్‌పేటలో మేం అడిగిన డీటీపీ సెంటర్‌లో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే చివరి వెర్షన్, దానికి యూనికోడ్ తెలియదు. అందుకని మన ఫైలుని కన్వర్టర్‌తో అను ఫాంట్‌లోకి మారుస్తారు. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు, సున్నాలు తారుమారవుతాయి. ప్రూఫ్ తప్పకుండా మీరే చదవండి. అసలు యూనికోడ్ ఫైలు మాత్రం ఎప్పటికీ మీ దగ్గరే ఉంచుకోండి. అను ఫాంట్‌లో ఉన్న టెక్స్ట్‌ని ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీష్ గుర్తులే కనిపిస్తాయి. ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు వాడే చోటైతే యూనికోడ్ నేరుగా తీసుకుంటారు, ముందే అడగండి.

ఎవరికి ఏది?

విండోస్ 7, పెద్ద రచన, కరెంటు మీద నమ్మకం లేదు: నోట్‌ప్యాడ్++.

విండోస్ ఎక్స్‌పీ, చిన్న నోట్స్: నోట్‌ప్యాడ్2. పెద్ద రచన అయితే నోట్‌ప్యాడ్++ 7.9.2.

ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు మెషీన్: మామూలు నోట్‌ప్యాడ్, కానీ యూటీఎఫ్-8 నమూనా ఫైలుతో.

కొత్తది నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లు: లినక్స్, మౌస్‌ప్యాడ్.

వీటన్నిటికన్నా ముఖ్యమైన సెట్టింగ్ ఒకటుంది, అది ఏ మెనూలోనూ ఉండదు. బ్యాకప్ తీశాక, దాన్ని వేరే మెషీన్‌లో తెరిచి చూడాలి. మేం చేసిన తప్పు అదే. ఆ పెన్‌డ్రైవ్ ఎన్ని నెలలు ఆయన జేబులో ఉందో, ఒక్కసారి కూడా ఎవరం తెరవలేదు. తెరిచి ఉంటే అసలు ఫైలు అప్పటికింకా హార్డ్ డిస్క్‌లో బాగానే ఉంది, మళ్లీ కాపీ తీసుకునేవాళ్లం.

ఇప్పుడు పెదనాన్న రాత్రి పడుకునే ముందు ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తారు. ఓటీజీ పెట్టి ఫోన్‌లో తెరిచి చివరి లైన్ చదువుతారు. ఆదివారం ఆదివారం నాకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతారు. జనవరి పుస్తక మహోత్సవం నాటికి అచ్చు వేయించాలని ఆయన పట్టుదల. ముందు రాసిన మాటలన్నీ గుర్తుకు రావట్లేదని, కొన్ని సంగతులు చెప్పినవాళ్లు ఇప్పుడు లేరని అంటుంటారు. అవి ఏ ఎడిటరూ తెచ్చివ్వలేదు. కొత్తగా రాస్తున్నవి మాత్రం పోకుండా చూడటం మన చేతిలో పని. మీ ఇంట్లో ఎవరిదైనా అలాంటి పెన్‌డ్రైవ్ ఉంటే, ఈరోజే ఒకసారి పెట్టి ఓపెన్ చేసి చూడండి.